లరాష్ దగ్గర ఆగిన లారీ

టాంజియర్ రేవు లారీ డ్రైవర్లు తమ ఫోన్లలో పెట్టిన ఆ కొత్త నెట్‌వర్క్‌కి అత్తగారని పేరు పెట్టుకున్నారు. ఎక్కడున్నావు, ఎందుకు ఆలస్యమైంది, అక్కడెందుకు ఆగావు అంటూ ఒకటే ఆరా మరి. "అత్తగారు నిద్ర లేచిందా?" అని ఒకరినొకరు పలకరించుకుంటూ పొద్దున్నే ఫోన్లు ఆన్ చేసేవాళ్ళు. కంట్రోల్ రూములో కూర్చుని ఆ తెరలు చూసే వియామ్‌కి ఈ సంగతి తెలుసు. నవ్వుకునేది. అత్తగారు సాధించినా ఇల్లు చక్కబెట్టేదీ అత్తగారే కదా అనుకునేది.

చక్కబెట్టిన మాట నిజమే. అంతకుముందు కెనిత్రాలో ఫ్యాక్టరీవాళ్ళు సరుకు లారీకెక్కించి చేతులు దులుపుకునేవాళ్ళు. అది రేవుకి ఎప్పుడొస్తుందో కస్టమ్స్‌కి తెలీదు, ఓడవాళ్ళకి తెలీదు, సముద్రం అవతల స్పెయిన్‌లో దానికోసం కాచుక్కూర్చున్న కార్ల ఫ్యాక్టరీకి అసలే తెలీదు. సరుకంటే కార్ల లోపల వేసే వైరు కట్టలు. ఒక్క రకం అందకపోయినా అక్కడ కార్ల తయారీ ఆగిపోతుంది. కాగితాల కోసం రేవు గేటు బయట లారీలు బారులు తీరి ఉండేవి. డ్రైవర్లు టైర్ల నీడన గోనెపట్టాలు పరుచుకుని పడుకునేవాళ్ళు. ఇప్పుడు లారీ ఫ్యాక్టరీ గేటు దాటిందంటే చాలు, అందరి తెరలమీదా ఒకటే చుక్క కదులుతుంది. అది దారిలో ఉండగానే కస్టమ్స్ పని అయిపోతుంది, ఓడలో చోటు ఖాయమవుతుంది. తలుపులకి ఎలక్ట్రానిక్ తాళం. ఎక్కడ తీసినా తెరమీద ఎర్రగా వెలుగుతుంది.

ఇదంతా పట్టాలెక్కడానికి వియామ్ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మొదట్లో డ్రైవర్లెవరూ ఒప్పుకోలేదు. రేవు దగ్గర బీసారా అనే గింజల చారు అమ్మే హోటల్లో మిమూన్ అనే డ్రైవరు అందరి ముందూ ఆమెని నిలదీశాడు.

"నేనేమన్నా మేకనా, మెడలో గంట కట్టడానికి?"

పక్క బల్ల దగ్గర రొట్టె ముంచుకు తింటున్న అయ్యాషీ తలెత్తాడు. డ్రైవర్లందరిలోకీ పెద్దవాడు. ఆ దారిలో ఆయన నడపని బండి లేదు, ఆయన మాట తీసేసేవాడూ లేడు.

"గంట కట్టినా కట్టకపోయినా నువ్వు మేకవేరా మిమూన్," అన్నాడు. "అమ్మాయ్, ఇదిగో నా ఫోను. ముందు నాకు పెట్టు. నా దగ్గర దాచుకోడానికేముంది, ఈ పొట్ట తప్ప?"

హోటలంతా గొల్లుమంది. మిమూన్ కూడా నవ్వాడు. ఆ రోజే మరికొందరు ఫోన్లు చాపారు, వారం తిరిగేసరికి అందరూ చేరారు. అప్పట్నుంచీ వియామ్ ఆయన్ని బాబాయ్ అనేది. ఆయన కెనిత్రా నుంచి వచ్చినప్పుడల్లా ఈతాకుల్లో చుట్టిన మేకపాల జున్ను కంట్రోల్ రూము కాపలావాడి చేతికిచ్చి, "మా అమ్మాయికియ్యి, తెరలు చూసి చూసి చిక్కిపోతోంది," అని చెప్పి వెళ్ళేవాడు.

ఆ ఏడాది చలికాలం చివర్లో స్పెయిన్‌వాళ్ళు ఫిర్యాదు చేశారు. కొన్ని లారీల్లో పెట్టెలు తక్కువ వస్తున్నాయి, దారిలో ఎవరో కాజేస్తున్నారు, వైర్లలో రాగి ఉంటుంది కదా అని. వియామ్ పై అధికారి జుహైర్ అది చదివి మొహం గంటు పెట్టుకున్నాడు.

"మన నెట్‌వర్క్‌లో సూది పడినా కనబడుతుందని చెప్పి కదా వీళ్ళని చేర్చుకున్నాం! ఇప్పుడు పెట్టెలే కనబడ్డం లేదంటే నా పరువేం కావాలి? శుక్రవారం మీటింగులో ఏదో ఒకటి చూపించాలి. వెతుకు."

వియామ్ వెతికింది. తక్కువ వచ్చిన లారీలన్నీ ఎక్కడెక్కడ ఆగాయో ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. దొంగతనం జాడ ఏమీ దొరకలేదు గానీ ఒక వింత కనబడింది. అయ్యాషీ లారీ దాదాపు ప్రతి ప్రయాణంలోనూ దారిలో లరాష్ అనే ఊరి దగ్గర పెద్ద రోడ్డు దిగుతోంది. ఊరి శివార్లలో ఒక సందు చివర కాసేపు ఆగి మళ్ళీ రోడ్డెక్కుతోంది. డ్రైవర్లు ఆగడానికి పెద్ద రోడ్డు మీదే మంచి చోట్లున్నాయి. టీ, తిండి, నమాజుకి చోటు, అన్నీ ఉన్నాయి. ఈయనెందుకు దిగుతున్నాడు?

తలుపు తాళం అక్కడ ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. అదీ చూసింది.

అయ్యాషీ నంబరు ఆమె ఫోనులో పైనే ఉంది. ఒక్కసారి నొక్కి, "బాబాయ్, లరాష్‌లో ఏం పని నీకు?" అంటే సరిపోయేది. ఆ ఆలోచన రాకపోలేదు. అడిగితే జాగ్రత్తపడతాడేమో అని తనకి తాను చెప్పుకుంది. అసలు సంగతి అది కాదు. ఇన్నాళ్ళూ మీటింగుల్లో ఆమె టీలు అందుతున్నాయో లేదో చూసి, ఇతరులు మాట్లాడేది రాసుకుంటూ కూర్చునేది. ఈసారి మాట్లాడ్డానికి తనకొకటి దొరికింది. దాన్ని ముందే పోగొట్టుకోవడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

శుక్రవారం మీటింగు గది నిండింది. గోడమీద తెరలో స్పెయిన్ మేనేజరు ఉంది. ఫ్యాక్టరీ మనుషులున్నారు, డ్రైవర్ల తరఫున మిమూన్, మరో ముగ్గురూ వచ్చారు. ఎవరి లారీయో వియామ్ ముందే చెప్పింది గనక జుహైర్ అయ్యాషీని కూడా పిలిపించాడు. ఎందుకో చెప్పలేదు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, వెనక వరసలో కూర్చుని, లోపలికొస్తున్న వియామ్‌ని చూసి కళ్ళతోనే నవ్వాడు.

వియామ్ నిలబడి మాట్లాడింది. గొంతు బాగా పలికింది. లరాష్ సందు తెరమీద పెద్దదిగా పరిచి, అక్కడ గుట్టపడ్డ చుక్కల్ని చూపించింది. "ఒకే లారీ, ఒకే చోటు, కారణం ఎక్కడా చెప్పలేదు," అంది. స్పెయిన్ మేనేజరు ముందుకి వంగి, బాగా పట్టుకున్నారంది. తాళం సంగతి వియామ్ నాలిక చివరదాకా వచ్చింది. ఎవరూ అడగలేదు కదా అని మింగేసింది.

"ఎవరి లారీ?" అన్నాడు ఫ్యాక్టరీ మనిషి.

జుహైర్ వెనక వరసకేసి చూశాడు. అందరూ తిరిగారు.

"అయ్యాషీగారూ, లరాష్‌లో ఏం చేస్తుంటారు?"

అయ్యాషీ లేచాడు. ఏదో అనబోయి ఆగాడు. మెడ దగ్గర్నుంచి ఎరుపు పైకి పాకడం వియామ్‌కి అంత దూరానికీ కనబడింది.

"కొంచెం పనుంటుంది."

"ఏం పని?"

"నా సొంత పని."

బిగుసుకున్న గదిని సడలిద్దామనుకున్నాడో ఏమో, మిమూన్ అందుకున్నాడు. "చెప్పెయ్ అన్నా! లరాష్‌లో చిన్నిల్లు పెట్టావా ఏంటి? మా వదినకి చెప్పంలే!"

నలుగురూ నవ్వారు. అయ్యాషీ నవ్వలేదు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నించున్నాడు. ఆ నలుగుతున్న టోపీని వియామ్ చూసింది. ఈయన దొంగ కాదు, ఈయనకేదో బాధ ఉంది అని ఆమెకి ఆ క్షణానే తెలిసింది. "తాళం తెరుచుకోలేదు సార్," అని అనేసింది గానీ జుహైర్ కొట్టిపడేశాడు.

"తాళం తియ్యకుండానే తలుపు మడతబందులు విప్పే మొనగాళ్ళున్నారు. వెళ్ళి చూస్తే పోయేదేముంది? ఇప్పుడే వెళ్ళండి. ఆయన్నీ తీసుకెళ్ళండి."

కంపెనీ కారులో ముందు సెక్యూరిటీ మనిషి, డ్రైవరు. వెనక అయ్యాషీ, వియామ్, డ్రైవర్ల తరఫు సాక్షిగా మిమూన్. దారిలో అసీలా ఊరు దాటారు. కుడి పక్క సముద్రం ఎండకి మెరుస్తోంది. అయ్యాషీ అటూ ఇటూ కదులుతూ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఒకచోట కారు ఆపమన్నాడు. "ఇంకెంత దూరం, వచ్చేశాంగా," అన్నాడు సెక్యూరిటీ మనిషి. ఆయన మళ్ళీ అడగలేదు.

సందు చివర ఉన్నది పాతకాలపు హమామ్. వేణ్ణీళ్ళ స్నానాలకి ఊరివాళ్ళు వచ్చే చోటు. దాని వెనక, కట్టెలు పేర్చిన పెరట్లో, పొయ్యి గది. కారు దిగగానే అయ్యాషీ వియామ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"తల్లీ, నువ్వొక్కదానివే లోపలికి రా. వీళ్ళని ఇక్కడే ఉండమను. నీకు చూపిస్తాను, నువ్వు చూసి ఏం లేదని చెప్పు. చాలు."

అదొక్కటీ చేసినా ఆయన పరువు ఎంతో కొంత మిగిలేది. ఆమె సెక్యూరిటీ మనిషి వంక చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. "ఇద్దరు సాక్షులుండాలంట బాబాయ్. రూలు," అంది వియామ్. ఆ మాట అంటుంటే తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

పొయ్యి దగ్గర మసికొట్టుకుపోయిన ముసలాయన రంపప్పొట్టు ఎగదోస్తున్నాడు. పేరు బూసెల్హామ్. అయ్యాషీని చూసి మొహం విప్పార్చుకున్నాడు. వెనక ఉన్నవాళ్ళని ఆ పొగలో గమనించలేదు.

"ఇవాళ ఇంత పెందలాడే వచ్చావేం? ప్యాంట్లు ఇంకా ఆరలేదయ్యా. నీళ్ళు మాత్రం కాగున్నాయి, పో, కడుక్కో. డాక్టరు దగ్గరికి వెళ్ళవయ్యా అంటే వినవు. ఇలా ఎన్నాళ్ళు తడుపుకుంటూ తిరుగుతావు?"

పొయ్యి గోడకి కట్టిన తీగమీద అయ్యాషీ ప్యాంట్లు, లోపలి బట్టలు, మడతలుగా చింపిన పాత దుప్పటి గుడ్డలు వేలాడుతున్నాయి. కింద ఒక బుట్టలో ఈతాకులు, మేకపాల జున్ను ముద్దలు. బూసెల్హామ్ భార్య చేసి అమ్ముతుంది కాబోలు.

మిమూన్ గిరుక్కున వెనక్కి తిరిగి గోడ కేసి చూస్తూ నించున్నాడు. అయ్యాషీ కదల్లేదు. కారు ఆపమన్నది ఎందుకో వియామ్‌కి అప్పుడు కనబడింది. ఆయన ప్యాంటు ముందు భాగం తడిసి ఉంది. టోపీ అడ్డం పెట్టుకున్నాడు. ఆ టోపీ చిన్నది.

ఉన్నచోటే భూమిలోకి కుంగిపోతే బావుణ్ణనిపించింది ఆమెకి. తల దించుకుంది. కింద చూస్తే ఆయన బూట్లు కనబడ్డాయి. పక్కకి చూస్తే తీగ కనబడింది. చూపు ఆనించడానికి ఆ పెరట్లో ఎక్కడా చోటు దొరకలేదు.

అప్పుడే టక్కున చప్పుడైంది. సెక్యూరిటీ మనిషి ఫోనులో ఫొటో తీశాడు. అతని తప్పేం లేదు, అనుమానం ముగించాలంటే కారణం రాసి ఫొటో పెట్టాలని వాళ్ళకి నేర్పించింది వియామే. రాశాడు, పెట్టాడు. ఆమె చేతిలో ఫోను బుర్రుమని మోగింది. తీగమీద బట్టలు, ఓ పక్కన టోపీ అడ్డం పెట్టుకున్న అయ్యాషీ. కింద, "డ్రైవరుకి మూత్రం జబ్బు, బట్టలు మార్చుకోడానికి ఆగుతున్నాడు."

నెట్‌వర్క్ గొప్పతనమే అది. ఒకచోట పెడితే అందరికీ ఒకేసారి కనబడుతుంది. కెనిత్రా ఫ్యాక్టరీకి, కస్టమ్స్‌కి, ఓడవాళ్ళకి, స్పెయిన్‌కి, రోడ్డుమీద ఉన్న ప్రతి డ్రైవరుకీ. వియామ్ వెంటనే తీసేసింది. కానీ అప్పటికే అది అత్తగారి చేతిలోంచి జారి కాకులకీ గద్దలకీ దొరికిపోయింది.

తిరుగు దారిలో అయ్యాషీ కారెక్కలేదు. బస్సులో వస్తానన్నాడు.

పెట్టెల సంగతి తరవాతి వారమే తేలింది. దొంగలూ లేరు, దొంగతనమూ లేదు. ఫ్యాక్టరీవాళ్ళు చిన్న పెట్టెలు రెండేసి కలిపి ఒకే లేబులు వేసి పంపుతున్నారు, అవతలి గోదాములో యంత్రం ఆ రెంటినీ ఒకటిగా చదువుతోంది. స్పెయిన్ మేనేజరు జుహైర్‌కి మర్యాదగా క్షమాపణ రాసింది. జుహైర్ దాన్ని అందరికీ పంపాడు. అందులో అయ్యాషీ పేరు లేదు. ఆయన లారీ తాళంచెవులు కాపలావాడి చేతికిచ్చి పని మానేసి పోయాడని అప్పటికే అందరికీ తెలుసు.

ఎవరూ వియామ్‌ని ఒక్క మాట అనలేదు. బీసారా హోటల్లోకి ఆమె అడుగుపెడితే మాత్రం మిమూన్ డబ్బులు బల్లమీద పెట్టి సగం తిన్న పళ్ళెం వదిలేసి లేచిపోయేవాడు. అతను చిన్నిల్లని ఎగతాళి చేసినందుకు తనని తనే తిట్టుకుంటున్నాడని ఆమె విన్నది. ఆ మాటకి కొంచెం ఊరట కలిగింది. కలిగినందుకు మళ్ళీ సిగ్గేసింది.

వెళ్ళాలి అనుకుంటూనే రోజులు జరిపింది. ముఖం చెల్లలేదు. చివరికొక ఆదివారం బెనీ మకాదా పేటలో వాళ్ళిల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. తలుపు తీసింది అయ్యాషీ భార్య, లల్లా ఫామా. తానెవరో చెప్పగానే ఆవిడ గడపకి అడ్డంగా నించుంది.

"నువ్వేనా ఆ అమ్మాయివి? మా ఇంట్లో నీ పేరు రోజూ వినబడేది తల్లీ. మా అమ్మాయి ఇంత తెలివైంది, అంత తెలివైంది అని. ఆయనకి జబ్బుందని కట్టుకున్న దాన్ని నాకు తెలీదు. పక్కింటామె ఫోను పట్టుకొచ్చి చూపిస్తే తెలిసింది. ఆయన గుడ్డలు నా కంట పడకూడదని ఎక్కడో లరాష్‌లో ఉతికించుకున్నాడు. నువ్వేమో ఊరందరి కళ్ళముందూ ఆరేశావు."

వియామ్ ఆనవాయితీగా తెచ్చిన పంచదార దిమ్మ చేతిలో బరువైపోయింది.

"రానియ్యి ఫామా," అని లోపల్నించి అయ్యాషీ గొంతు.

ఇంట్లో వదులు జెల్లాబా అంగీ వేసుకుని చాపమీద కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. కూర్చోమని చెయ్యి చూపించాడు గానీ పేరు పెట్టి పిలవలేదు.

"తప్పు చేశాను బాబాయ్. తాళం తియ్యలేదని నాకు ముందే తెలుసు. ముందే చెప్పలేదు. ఆ రోజే ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది."

అయ్యాషీ తల అడ్డంగా ఊపాడు.

"అడిగితే చెప్పేవాణ్ణనుకున్నావా? చెప్పేవాణ్ణి కాదు. అబద్ధమాడేవాణ్ణి. జున్ను కొనడానికి ఆగుతున్నా అనేవాణ్ణి."

"నమ్మేదాన్ని బాబాయ్."

"నమ్మేదానివి కాదు. నమ్మినట్టు ఊరుకునేదానివి. నాకదే చాలేది. మనిషికి ఆ మాత్రం చాలు."

లల్లా ఫామా టీ తెచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి ఇవ్వకుండా ఉండలేక ఇచ్చింది, వియామ్ కళ్ళలోకి చూడకుండా ఇచ్చింది. తాగకపోతే తప్పు. పుదీనా ఆకు నోట్లో అడ్డం పడుతుంటే వేడివేడిగా మింగేసింది. పోతూ పోతూ, "డాక్టరుకి చూపించారా?" అనడిగింది.

"ఊరందరికీ తెలిశాక ఇంకేం దాస్తాడు? నేనే లాక్కెళ్ళా," అంది ఫామా. "కోత పెడితే నయమవుతుందట. నీకు రుణపడ్డామని మాత్రం అనుకోకు."

అనుకోలేదు. ఆ తరవాతి మీటింగులో, అదే గదిలో, అదే స్పెయిన్ మేనేజరు తెరమీద ఉండగా వియామ్ లేచి నిలబడింది. ఈసారి గొంతు బాగా పలకలేదు. అయ్యాషీ దొంగ కాదు, తాళం తెరుచుకోలేదని తెలిసీ ఆయన్ని మీ ముందు నిలబెట్టాను అని చెప్పింది. డ్రైవరు ఎక్కడ ఆగాడన్నది ఇకమీద అందరికీ కనబడకూడదు, తాళం తెరుచుకుంటేనే కనబడాలి, ఫొటోలు పెట్టే పద్ధతి పోవాలి అంది.

"ఇది సొంత గోడు చెప్పుకునే చోటు కాదు వియామ్," అన్నాడు జుహైర్, నవ్వు మొహం పెట్టి.

"అయ్యాషీ అన్నకి ఇది సొంత గోడు వినిపించే చోటు అయింది కదా సార్," అన్నాడు మిమూన్. లేచి తన ఫోను బల్లమీద పెట్టాడు. "ఆమె చెప్పినట్టు చెయ్యకపోతే అత్తగార్ని మీరే ఉంచుకోండి." మిగతా డ్రైవర్లు కూడా ఫోన్లు పెట్టారు. పద్ధతి మారింది. మార్చింది వియామ్ మాట కాదు, ఆ ఫోన్లు. ఆ సంగతి ఆమెకి తెలుసు, జుహైర్‌కీ తెలుసు. అతనామెని కంట్రోల్ రూములోంచి తీసి కస్టమ్స్ కాగితాల వైపు పంపించాడు. ఆమె వెళ్ళింది.

ఎండాకాలం వచ్చింది. అయ్యాషీకి కోత పెట్టారని, కోలుకున్నాడని, తెతువాన్‌లో పెంకులు చేసేవాళ్ళకి లారీ నడుపుతున్నాడని హోటల్లో ఎవరో అంటుంటే విన్నది. ఆ లారీలు ఏ తెరమీదా ఉండవు.

ఒక మధ్యాహ్నం ఆమె షేరు టాక్సీలో తెతువాన్ రోడ్డున పోతోంది. ఎదురుగా పెంకుల లారీ వచ్చింది. ఇరుకు రోడ్డు, పక్కన తవ్వకాలు; రెండు బళ్ళూ నెమ్మదించాయి. పైన స్టీరింగు వెనక అయ్యాషీ. గడ్డం గీసుకున్నాడు, చిక్కాడు గానీ మొహం తేటగా ఉంది. ఆయన కిందికి చూశాడు, చెయ్యెత్తాడు.

దారి ఇచ్చినందుకు టాక్సీవాడికి ఎత్తాడో, ఆమెని చూసి ఎత్తాడో తెలీలేదు. వియామ్ తల దించేసుకుంది. మళ్ళీ ఎత్తేసరికి లారీ దాటిపోయింది. టాక్సీలో పక్కనున్న పెద్దావిడ, "తెలిసినాయనా అమ్మా?" అనడిగింది.

"అవునండీ," అంది వియామ్. "చాలా మంచాయన." కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయింది.